తడి ఆరని బండి

తుని,
12 మార్చి 1998

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో మీరు "ఊఁ", "సరే" తప్ప ఏమీ అనరు, బూత్‌లో మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఉత్తరం అయితే కనీసం నాలుగు వాక్యాలు రాస్తారు.

హైవే వెడల్పు చేస్తున్నారని మా ఆయన కిళ్లీకొట్టు తీయించేశారు. ఇంకోచోట పెడదామంటే స్థలం దొరకడం లేదు. ఇక్కడ ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు వాళ్లకి చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని తీసుకురావడానికి వ్యాన్ కావాలట. రెండు రూట్లున్నాయి. జూన్ మధ్యలో బడి తెరుస్తారు. ఆ లోపు వ్యాన్, దాని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపిస్తే రెండు రూట్లూ మాకే ఇస్తామన్నారు. లేకపోతే ఒక జీపు ఆయన కాచుకుని కూర్చున్నాడు.

అక్క వ్యాన్ మీ షెడ్డులో ఊరికే ఉంది కదండీ. అక్క పోయి ఏడాది అయ్యింది. అడిగితే ఏమనుకుంటారోనని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇంకా ఊరుకుంటే జూన్ వచ్చేస్తుంది.

నడిపేది నేనే. కాలవగట్టు మీద అక్క డ్రైవింగ్ నేర్పింది నాకు, మా ఆయనకి కాదు. ఆయనకు ఈ మాట నచ్చలేదు గానీ ఒప్పుకున్నారు. "నువ్వు నడుపు, పిల్లల్ని నేను ఎక్కించి దింపుతాను. హారన్ మాత్రం నేనే కొడతాను" అంటున్నారు.

మీరు ఇవ్వనంటే ఏమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.

మీ మరదలు,
వీరవేణి


ధవళేశ్వరం,
20 మార్చి 1998

వీరవేణికి ఆశీస్సులు.

వ్యాన్ తీసుకో. డబ్బు సంగతి ఎత్తవద్దు.

తీసుకునే ముందు దాని గురించి తెలుసుకోవాలి. అది ఎనభై నాలుగు మోడల్. మీ అక్క మొక్కల నర్సరీ పెట్టిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పెట్టుకున్న డ్రైవర్లు నిలవకపోవడంతో తనే నేర్చుకుంది.

ఇంజను నమ్మదగినది. పొద్దున పూట వెంటనే అందుకోదు. తాళం రెండుసార్లు తిప్పి, కాస్త ఆగి, మూడోసారి తిప్పాలి. ఆ ఆగిన కాసేపట్లో మీ అక్క జుట్టు ముడి వేసుకునేది. రెండో గేరు బాగా ఎడమకు నొక్కితేనే పడుతుంది. బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతుంది. "కడియం వైపు లాగుతోంది, నర్సరీ మీద బెంగ దీనికి" అనేది మీ అక్క. మేము ఎటు వెళ్తున్నా అదే మాట అనేది.

హారన్ మోగదు. మీ ఆయన దొరబాబుకు చెప్పు.

మొక్కలకు చోటు కావాలని సీట్లు తీసేసింది. అవి వరండాలో ఉన్నాయి. ఒకదాని మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. మిగతావాటి మీద ఎవరూ కూర్చోవడం లేదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అదే ఎఫ్.సి., గడువు నవంబరులోనే అయిపోయింది. వ్యాన్‌లో కొంత సామాను ఉంది. అది దింపి పరీక్షకు తీసుకెళ్తాను. బ్యారేజీ గేట్లకు రంగులు వేయిస్తున్నాం. ఆ పని చూసేది నేనే కనుక ఇప్పుడు సెలవు దొరకదు. ఏప్రిల్ కానివ్వు.

ఉదయభాస్కర్


తుని,
2 ఏప్రిల్ 1998

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి వ్యాన్ కోసం, రెండోసారి అక్క ముడి వేసుకునే చోటు కోసం.

హారన్ సంగతి విని మా ఆయన తిండి మానేసినంత పని చేశారు. కొత్తది కొనుక్కొచ్చి, వ్యాన్ రాకముందే ఇంట్లో బ్యాటరీకి తగిలించి మోగిస్తున్నారు. పక్కింటి సూరమ్మగారు వచ్చి, "లారీ ఏమైనా ఇంట్లోకి వచ్చిందేంటే వేణీ" అని అడిగి వెళ్లింది.

ఎఫ్.సి.కి మీరు ఒక్కరూ వెళ్లకండి. మా ఆయనకు తెలిసిన బ్రోకరు ఒకాయన ఉన్నాడట, పేరు వీరబ్రహ్మం. పరీక్ష మైదానం దగ్గర టీకొట్లో ఉంటాడట. టైర్లు అరిగిపోయినా భయం లేదు, మంచి టైర్లు పూటకి అద్దెకిస్తాడట. పరీక్ష అయ్యాక మళ్లీ మన టైర్లు మనకి వేస్తాడు. అందరూ చేసే పనేనట. మీరు మాత్రం అక్కడ "ఇది న్యాయమా" అని మొదలుపెట్టకండి బావగారూ. మీ సంగతి మాకు తెలుసు.

వీరవేణి


ధవళేశ్వరం,
24 ఏప్రిల్ 1998

వీరవేణికి ఆశీస్సులు.

వ్యాన్ పరీక్ష తప్పింది.

హారన్ మోగలేదు. వెనక ఎర్ర దీపం ఒకటి వెలగలేదు. బ్రేకు వేయమన్నప్పుడు వేశాను. బండి ఎడమకు లాగి బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి టేబులు దగ్గర ఆగింది. ఆయన లేచి నిలబడ్డారు. కడియం నిజంగానే అటువైపు ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

వీరబ్రహ్మం కనిపించాడు. మర్యాదస్తుడు. మాకు ముందున్న వ్యాన్‌కు కొత్త టైర్లున్నాయి. అది పాసయ్యి గోడ వెనక్కి వెళ్లింది. కాసేపటికి మా వెనక నిలబడ్డ వ్యాన్ అవే టైర్లతో వచ్చింది. ఒకదాని పక్కన సున్నం మచ్చ ఉంది కనుక గుర్తుపట్టాను. ఆ తరువాత వచ్చిన వ్యాన్‌కూ అదే మచ్చ. ఇన్‌స్పెక్టరు గారు ఆ టైరును తెలిసినవాణ్ణి పలకరించినట్టు తట్టారు.

మాకూ అద్దెకు ఇస్తానన్నాడు. రేపు పిల్లలు తిరగాల్సింది ఏ టైర్ల మీద అని అడిగాను. "రేపటి సంగతి రేపండి. ఇవాళ ఎఫ్.సి. సంగతి చూడాలండి" అన్నాడు. నువ్వు చెప్పావు కనుక అంతకంటే ఏమీ అనలేదు. ఊళ్లోకి వెళ్లి టైర్లు కొన్నాను. బ్రేకులు, దీపం మెకానిక్‌కు అప్పగించాను.

వ్యాన్ లోపల తడి వాసన వస్తోంది, వానలో ఉంచారా అని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. లేదన్నాను. మళ్లీ మే నెలలో రమ్మన్నారు.

ఉదయభాస్కర్


తుని,
3 మే 1998

బావగారికి నమస్కారాలు.

టైర్లు కొన్నారా. మా ఆయన, "అన్నయ్యగారు అద్దె టైర్లు వద్దన్న మొదటి మనిషి అయ్యుంటారు. వీరబ్రహ్మానికి ఆ రోజు జ్వరం వచ్చుంటుంది" అని ఒకటే నవ్వడం. హారన్ బస్సులో పంపిస్తున్నాను. సూరమ్మగారు బస్టాండు దాకా వచ్చి మరీ సాగనంపింది.

ఒక్కటి అర్థం కాలేదండి. ఎండలు ఇలా మండిపోతున్నాయి, కాలవలకు నీళ్లు కూడా ఆపేశారు. ఏడాదిగా కదలని బండిలో తడేంటి? షెడ్డు రేకులు కారుతున్నాయేమో చూపించండి. వానలు రాకముందే చూపిస్తే మంచిది.

స్కూలు హెడ్‌మాస్టరు గారు నిన్న కబురు పెట్టారు. ఎఫ్.సి. కాగితం చూశాకే రూట్ల సంగతి అన్నారు. జీపు ఆయన రోజూ స్కూలు గేటు ముందు జీపు కడుగుతున్నాడు. చూపించడానికే కడుగుతున్నాడు.

వీరవేణి


ధవళేశ్వరం,
19 మే 1998

వీరవేణికి ఆశీస్సులు.

వ్యాన్ పాసయ్యింది. వచ్చే మే దాకా చెల్లుతుంది. సర్టిఫికెట్ నకలు దీనితో పంపుతున్నాను. హెడ్‌మాస్టరు గారికి చూపించు.

హారన్ బాగా మోగింది. ఇన్‌స్పెక్టరు గారు ఒకసారి చాలన్నారు. బ్రేకులు ఇప్పుడు తిన్నగా ఉన్నాయి. నాకు అలవాటు లేక స్టీరింగు కుడికి తిప్పాను.

లోపల మెకానిక్ కొత్తగా రబ్బరు పట్టా పరిచాడు. ఇన్‌స్పెక్టరు గారు దాని మీద నిలబడి పైన దీపం చూసి, కిటికీలు చూసి, దిగి సంతకం పెట్టారు. ఆయన నిలబడ్డంతసేపూ నేను ఆయన కాళ్ల వైపే చూశాను.

షెడ్డు కారడం లేదు.

మీరు ఇప్పుడే రావద్దు. సీట్లు బిగించాలి. కబురు చేస్తాను.

ఉదయభాస్కర్


తుని,
6 జూన్ 1998

బావగారికి నమస్కారాలు.

మీ కబురు రాలేదు. సీట్లు బిగించడానికి ఇన్ని రోజులా అని మా ఆయన్ని పంపాను. ఆయన ఒక బుట్ట కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లతో తిరిగొచ్చారు. వ్యాన్ ఏదండీ అంటే, "అన్నయ్యగారు కాఫీ ఇచ్చారు, పళ్లు ఇచ్చారు, బస్సు ఎక్కించారు. మధ్యలో వ్యాన్ మాట ఎత్తడానికి సందు దొరకలేదే" అన్నారు. పళ్లు బాగున్నాయి. వాటి మీద పిల్లల్ని ఎక్కించుకుని తిప్పలేను కదండీ.

ఆయన షెడ్డులోకి తొంగిచూశారట. సీట్లు ఇంకా వరండాలోనే ఉన్నాయట. ప్రహరీగోడ మీద సంచి మొక్కలు బారుగా పెట్టి ఉన్నాయట, కొన్ని ఎండిపోయినవి, కొన్ని పచ్చగా. షెడ్డు నేల మీద వ్యాన్ కింద తుప్పు మరక పెద్దది ఉందట.

బావగారూ, కోపంగా రాయడం లేదు. అక్క బండి ఇవ్వడానికి మీకు మనసు ఒప్పకపోతే ఆ మాటే రాయండి. నాకూ అక్కే కదా. నేను హెడ్‌మాస్టరు గారికి వద్దని చెప్పేస్తాను. ఇస్తానని ఇవ్వకుండా ఉంటేనే కష్టం. బడి పదిహేనో తారీఖున తెరుస్తారు. మా ఆయన కిళ్లీకొట్టు డబ్బాలు ఇంకా మా మంచం కిందే ఉన్నాయి.

అసలు సంగతి ఏంటో చెప్పండి. ఆ తడి ఎక్కడిది?

వీరవేణి


ధవళేశ్వరం,
10 జూన్ 1998

వీరవేణికి,

నీళ్లు నేనే పోశాను.

ఆసుపత్రికి వెళ్లే ముందురోజు సాయంత్రం మీ అక్క వ్యాన్‌లోకి మొక్కలు ఎక్కించింది. నూరువరహాలు, క్రోటన్లు, కొన్ని మందారాలు. పిఠాపురంలో ఎవరో కొత్త ఇంటికి ఆర్డరు ఇచ్చారు. తెల్లవారి బయలుదేరాలి. తెల్లవారేసరికి ఒంట్లో బాగాలేదు. ఆటో ఎక్కుతూ, "మొక్కలు బండిలోనే ఉన్నాయి, నీళ్లు పోయండి" అంది. ఆసుపత్రిలో నా ముందు మాట్లాడిందంతా డాక్టర్లతోనే. నాకు అప్పజెప్పిన పని అదొక్కటే.

దింపి పోయమని అనలేదు. అందుకని దింపలేదు. ఎండ తగలడానికి వెనక తలుపు తీసి ఉంచాను. ఆఫీసు నుంచి రాగానే పోసేవాణ్ణి. పిఠాపురం వాళ్లు వేరేచోట కొనుక్కున్నారు. సగం మొక్కలు చచ్చిపోయాయి. వాటికీ పోశాను.

ఇనుము మీద రోజూ నీళ్లు పోస్తే ఏమవుతుందో తెలియక చేసిన పని కాదు. బ్యారేజీ గేట్లకు తుప్పు పట్టకుండా చూడడానికే నాకు జీతం ఇస్తున్నారు.

నీ మొదటి ఉత్తరం వచ్చాక మొక్కలు దింపాను. సామాను అని రాసింది వాటినే. అప్పుడు నేల చూశాను. రేకు వేలితో నొక్కితే దిగుతోంది. కింద అడ్డంగా ఉండే దూలాల్లో రెండు పొరలు పొరలుగా ఊడి వస్తున్నాయి. సీట్లు బిగించాల్సింది వాటికే. పిల్లలు కూర్చున్నాక ఏ గోతిలోనైనా చక్రం పడితే సీటు ఎక్కడ ఉంటుందో చెప్పలేను. సర్టిఫికెట్‌లో ఇది లేదు. ఆ పట్టా ఎత్తి చూపించాల్సింది నేను. పాసైతే నీకు రూట్లు వస్తాయని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఊరుకోలేకపోయాను.

మొన్న మళ్లీ వెళ్లాను. బండి కింద కూడా చూడమని ఇన్‌స్పెక్టరు గారిని అడిగాను. "పాసయ్యింది కదండీ" అన్నారు. పాసవకూడదన్నాను. బండి తప్పిందని గొడవకు వచ్చినవాళ్లను చూశారట గాని, పాసయ్యిందని వచ్చినవాణ్ణి చూడలేదట. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరన్నాను. వచ్చే ఏడాది రమ్మన్నారు.

దొరబాబు వచ్చినప్పుడే చెప్పాల్సింది. మామిడిపళ్లు ఇవ్వడం తేలికనిపించింది.

ఆ వ్యాన్‌లో పిల్లల్ని ఎక్కించవద్దు. రూట్లు పోతే అది మీ అక్క దుర్గ బండి వల్ల కాదు, నా వల్ల.

ఉదయభాస్కర్


తుని,
16 జూన్ 1998

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆయనకి పైకి చదివి వినిపించాను. చచ్చిపోయిన మొక్కల దగ్గర ఆగిపోయాను. మిగతాది ఆయనే తీసుకుని చదువుకున్నారు. చదివి, బయటికి వెళ్లి, చాలాసేపటికి వచ్చి, "అన్నయ్యగారు భోజనం సరిగ్గా చేస్తున్నారో లేదో అడుగు" అన్నారు. అడుగుతున్నాను.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. నిన్న బడి తెరిచారు. రెండు రూట్లూ జీపు ఆయనే తిప్పాడు, మా వీధిలోంచే. హారన్ కొట్టుకుంటూ వెళ్లాడు. మా ఆయన లోపలికి వెళ్లిపోయారు.

మీకు ఒక మాట చెప్పలేదు నేను. ఆసుపత్రిలో నేను వచ్చిన రోజు అక్క, "మీ బావగారికి ఏదో ఒక పని అప్పజెప్పాలే. లేకపోతే ఆ మనిషి కుర్చీలోంచి లేవడు. మొక్కలకి నీళ్లు పొయ్యమని చెప్పొచ్చాను" అంది. నవ్వుతూనే అంది. నర్సరీలో మొక్కలనుకున్నాను నేను. అప్పుడే మీకు చెప్పి ఉండాల్సింది. చెబితే మీరు బాధపడతారనుకున్నాను.

పని చెప్పింది గానీ ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. అది నేను చెబుతున్నాను. మీరు బాగానే చేశారు. ఇంక చాలండి.

ఇప్పుడు వ్యాన్ సంగతి. మండపేటలో చిట్టియ్య అని రైసుమిల్లు లారీలకు బాడీలు కట్టే ఆయన ఉన్నాడు. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు. నేల కోసేసి, కొత్త దూలాలు వేసి ఇస్తాడట. హెడ్‌మాస్టరు గారి దగ్గరికి నేనే వెళ్లాను. మీ ఉత్తరంలో దూలాల ముక్క వరకు చదివి వినిపించాను.  ఆయన, "పాసైన బండిని ఆపుకున్నవాళ్ల మీద నాకు నమ్మకమేనమ్మా" అన్నారు. కానీ ఒక రూటు జీపు ఆయనకు రాసిచ్చేశారట. రెండోది జూలై నెలాఖరు దాకా ఆపుతానన్నారు.

సగం పోయింది. సగం ఉంది. మీరు మండపేట వెళ్లండి.

వీరవేణి


ధవళేశ్వరం,
18 జూలై 1998

వీరవేణికి ఆశీస్సులు.

భోజనం చేస్తున్నాను.

మండపేట నుంచి నిన్న వ్యాన్ తెచ్చాను. చిట్టియ్య నేలంతా కోసి తీసేశాడు. రేకుల మధ్య మట్టి చాలా వచ్చింది. "నర్సరీ పెట్టుకునేంత మట్టి ఉందండీ, పట్టుకెళ్తారా?" అని అడిగాడు. సరదాకు అడిగాడనుకుంటాను. సంచిలో పోయించుకుని తెచ్చాను.

అడ్డ దూలాలు రెండు మార్చాలనుకున్నాం. విప్పాక మూడోది కూడా మార్చాల్సి వచ్చింది. కొత్త రేకు మందమైనది. కింద తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు వేయించాను. ఒక కోటు చాలన్నాడు. రెండోది వేయించాను. మూడోది నేను వేశాను. ఆ పని నాకు వచ్చు.

సీట్లు బిగించాక మిల్లు హమాలీలు నలుగురు ఎక్కి గెంతారు. ఏమీ కాలేదు. నేనూ ఎక్కి గెంతాను. చిట్టియ్య, "మీరు కూడానా మాస్టారూ" అన్నాడు. నేను మాస్టారును కానని చెప్పలేదు.

తాళం సంగతి మారలేదు. రెండుసార్లు తిప్పి ఆగాలి.

బతికిన మొక్కలు ఇంటి చుట్టూ నేలలో నాటించాను. ఒక నూరువరహాలు మొక్క మాత్రం సంచిలోనే ఉంది. పూసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేదు.

వచ్చి తీసుకెళ్లండి. సీట్లు వెళ్లిపోయాయి కనుక ప్రస్తుతం మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాను.

ఉదయభాస్కర్


తుని,
22 ఆగస్టు 1998

బావగారికి నమస్కారాలు.

వ్యాన్ ఇచ్చేటప్పుడు దాని గురించి రిపోర్టు రాయమన్నారు కదా, రాస్తున్నాను.

నెల అవుతోంది, ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. పొద్దున రెండుసార్లు తాళం తిప్పి ఆగుతాను. నాది పొట్టి జుట్టు, ముడికి సరిపోదు. ఊరికే కూర్చుంటాను. మూడోసారి అందుకుంటుంది. వెనక పిల్లలకి ఇది తెలిసిపోయింది, "ఒకటీ, రెండూ" అని అరిచి ఊరుకుంటారు. మూడు అనరు, ఇంజనే అనాలి. వానలకి మట్టిరోడ్డు మీద గోతులు పడ్డాయి. సీట్లు కదల్లేదు. జీపు ఆయన బండి మొన్న చెరుకుతోట దగ్గర ఆగిపోతే అందులోని బడిపిల్లల్ని కూడా మేమే ఎక్కించుకుని వచ్చాం. మా ఆయన హారన్ కొట్టుకుంటూ వచ్చారు. హెడ్‌మాస్టరు గారు చూశారు. జీపు ఆయన తిప్పే రూటు గురించి దసరా తరువాత మాట్లాడదామన్నారు.

వ్యాన్ తీసుకెళ్లడానికి వచ్చిన రోజు మిమ్మల్ని అడగకుండా ఒక పని చేశాను. ఆ నూరువరహాలు సంచి ముందు సీటు పక్కన పెట్టుకుని వచ్చేశాను. మీరు చూశారు, చూసి ఊరుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది. కింద లోతైన స్టీలు పళ్లెం పెట్టాను. ఒక్క చుక్క కూడా రేకు మీద పడదు. నీళ్లు పోసే పని ఒక్కో రోజు ఒక్కో పిల్లకి. రోజూ దాని కోసమే గొడవ.

మా ఆయన కొట్టులో కూర్చునే కుర్చీ పార్శిల్ చేశాను. కొట్టు ఇంక పెట్టరట. మెట్ల మీద కూర్చోకండి.

వీరవేణి


ధవళేశ్వరం,
30 ఆగస్టు 1998

వీరవేణికి ఆశీస్సులు.

కుర్చీ అందింది. ఒక కాలు పొట్టిది. కింద అట్టముక్క పెట్టాను. వరండాలో వేసుకున్నాను.

వ్యాన్ రిపోర్టు బాగుంది.

పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకు, దోమలు చేరతాయి. పిల్లలను రోజూ పోయనివ్వకు. రోజు విడిచి రోజు చాలు. నేను రోజూ పోసేవాణ్ణి. అది ఎక్కువ.

ఉదయభాస్కర్